మూసిన బడియు, మాటరాని బిడ్డయు

2020 మార్చి 25 వ తేదీన దేశమంతటను లాక్‌డౌను విధింపబడినది. 21 దినములకని మొదలైన ఆ నిర్బంధము పలుమారులు పొడిగింపబడి మే 31 వరకు సాగినది. అటుపిమ్మట అంగళ్లు తెరచిరి, బస్సులు నడిపిరి, పెండ్లిండ్లకు అతిథుల సంఖ్య నిర్ణయించి అనుమతులిచ్చిరి. బడులు మాత్రము తెరవలేదు. తెలంగాణమున ఒకటవ తరగతి మొదలు అయిదవ తరగతి వరకు చదువుచున్న పిల్లలు 2020 మార్చి నడుమ ఇంటికి పంపబడి, 2021 సెప్టెంబరు 1 వ తేదీన గాని తిరిగి బడిగడప త్రొక్కలేదు. ఆంధ్రప్రదేశమున ఈ తరగతులు 2021 ఫిబ్రవరిలో తెరచి, రెండవమారు వ్యాధి విజృంభింపగా ఏప్రిలులో మరల మూసి, ఆగస్టు 16 న తెరచిరి. పిల్లల చదువులు చెడిపోయినవని ఊరూర వగచినవారే. కాని ఆ పిల్లలలో ఒక తెగవారు పోగొట్టుకొన్నది చదువొక్కటియే కాదు. కష్టపడి నేర్చిన మాట, పట్టుబడిన నిద్ర, తనంతట అన్నము తినగల నేర్పు, ఇవి పోయినవి. వారినిగూర్చి మాటాడినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు.

నాడీవికాసవైకల్యములని వైద్యులు చెప్పునవి పెక్కు గలవు. ఆటిజము గల బిడ్డకు ఎదుటివాని ముఖము చూచి మనసెరుగుట కష్టము. చప్పుడు, వెలుతురు, స్పర్శ మనకంటె మిక్కిలి తీక్ష్ణముగా తోచును. ఏ.డి.హెచ్.డి. గల బాలుడు ఒకచోట కుదురుగా నుండలేడు, ఒక పనిపై మనసు నిలుపలేడు. డిస్లెక్సియా గల బాలిక తెలివిగలదియే, అక్షరములు మాత్రము ఆమెకు లొంగవు. మేధోవైకల్యము గలవారు కొలదికొలదిగా, పలుమారులు చెప్పగా నేర్తురు. ఇవి పూర్వజన్మ పాపములు కావు; తల్లి గ్రహణమునాడు కదలినందువలన వచ్చినవి కావు; పెంపకపు దోషములును కావు. మెదడు పెరుగు రీతిలోని భేదములు. మనదేశమున అయిదు ప్రాంతములందు రెండేండ్లు మొదలు తొమ్మిదేండ్ల వరకు గల పిల్లలను పరీక్షించి 2018 లో ప్రకటించిన పరిశోధనలో, సుమారు ఎనమండుగురిలో ఒకరికి ఇట్టి వైకల్యమేదో యొకటి కలదని తేలినది. చూపు, వినికిడి లోపములను, మూర్ఛను గూడ అందు చేర్చిరి. అవి తీసివేసినను మిగులు సంఖ్య చిన్నది కాదు. కావున ఇది ఎక్కడనో ఒక ఇంట జరిగిన ముచ్చట యని చదువరులు తలంపరాదు.

ఇట్టి బిడ్డకు బడి యనగా దినమంతటికిని పట్టుగొమ్మ. ఉదయము అదే ఆటో, అదే వీధి మలుపు, అదే బల్లపై అదే చోటు. గోడమీద ఆనాటి పనులను వరుసగా చూపు బొమ్మల పట్టిక. గంట కొట్టిన పిమ్మట అన్నము. అన్నము తరువాత చేయి కడుగుట. మనకు విసుగు పుట్టించు ఈ పునరావృత్తియే వానికి లోకముపై నమ్మకము. దానిని ఆధారము చేసికొని ఉపాధ్యాయురాలు నెలకొక మాట, ఏడాదికొక నేర్పు కూర్చును. నీళ్లు కావలయునన్నప్పుడు గ్లాసు బొమ్మ చూపుట నేర్పుటకు ఆరు నెలలు పట్టిన పిల్లలను మేమెరుగుదుము. ఆ ఆరు నెలల పని ఎంత సున్నితమైనదో, ఎంత సులభముగా చెదరునో, దానిని చేసినవారికే తెలియును. మన రెండు రాష్ట్రములందును పెక్కు మండలములలో భవిత కేంద్రములని యున్నవి. కూలికి పోవు తల్లి తన బిడ్డను ఉచితముగా తీసికొనిపోదగిన చోటు, చాల ఊళ్లకు అదొక్కటియే. బడులతోపాటు వానికిని తాళము పడినది.

ఒకనాటి ఉదయము ఇదంతయు ఆగిపోయినది. ఎందుకాగినదో ఆ బిడ్డకు చెప్పగల భాష లేదు. వైరసు అనునది కంటికి కనబడనిదని అయిదేండ్ల మామూలు పిల్లవానికి చెప్పుటయే కష్టము. మాటరాని వానికెట్లు చెప్పవలయును? వాడు వేళకు చెప్పులు తెచ్చుకొని వాకిట నిలుచును. తలుపు తీయరు. అరచును. తల గోడకేసి కొట్టుకొనును. తన చేయి తాను కొరుకుకొనును. రాత్రి రెండు గంటలకు లేచి కూర్చుండును. కొందరు, మాన్పించి యేండ్లయిన పక్క తడుపు అలవాటునకు మరల దిగిరి. నేర్చిన పది మాటలలో ఆరు పోయినవని కన్నీరు పెట్టుకొన్న తల్లి యొకతె మా యెదుటనే చెప్పినది. వాని పక్కనున్న చెల్లెలు దెబ్బలు తినినది. దానికిని బడి లేదు, పోవుటకు చోటు లేదు. తండ్రికి పని పోయినది. మూడు పూటల వంట, నలుగురి కావలి, బిడ్డకు చికిత్స, ఇవి యన్నియు తల్లి మీదనే పడినవి. స్త్రీలకు విశ్రాంతి యక్కరలేదని మన సంసారములు పూర్వమే తీర్మానించియున్నవి గదా. లాక్‌డౌను ఆ తీర్మానమునకు సర్కారు ముద్ర వేసినది.

ఇక మందు సంగతి. ఏ.డి.హెచ్.డి. గల పిల్లలకు వైద్యులు వాడు ముఖ్యౌషధములలో మిథైల్‌ఫెనిడేటు ఒకటి. మన ఔషధ నియమములలో అది ఎక్స్ షెడ్యూలునందు చేర్పబడియున్నది. వైద్యుని చీటి లేనిదే అమ్మరాదు, చిన్న ఊళ్లలోని మందుల షాపులందు దొరకనే దొరకదు. లాక్‌డౌను మొదలైన మార్చి 25 వ తేదీననే కేంద్రప్రభుత్వమువారు టెలిమెడిసిన్ నియమావళి ప్రకటించిరి. వైద్యుడు ఫోనులో రోగిని విచారించి మందు వ్రాయవచ్చును. ఎక్స్ షెడ్యూలు మందులు మాత్రము వ్రాయరాదు. దుర్వినియోగము నరికట్టుటకు పుట్టిన నియమమును మేము పరిహసింపము. కాని వైద్యుని యెదుట నిలిచినగాని మందు రాదు. బస్సు లేదు, జిల్లా పొలిమేర దాటనీయరు గనుక వైద్యుని యెదుట నిలుచుట లేదు. రెండు నియమములును వేర్వేరుగా చూచిన మంచివే. రెంటి నడుమ చిక్కిన పిల్లవాడు ఏమి కావలయునో ఏ కచేరీలోను ఎవ్వరును అడిగినట్లు కానరాదు.

బడికి బదులుగా ఫోను వచ్చినది. తెలంగాణమున 2020 సెప్టెంబరు 1 మొదలు దూరదర్శన్ యాదగిరిలోను, టీశాట్‌లోను పాఠములు చెప్పిరి. పాఠములు చెప్పినవారి శ్రమను మేము తక్కువ చేయము. కాని ఎదుట కూర్చున్న మనిషి ముఖమునే చూడలేని బిడ్డ, గాజుపలకలోని ముఖమును చూచునా? పది నిమిషములు కుదురుగా కూర్చుండలేనివాడు నలువది నిమిషముల పాఠము వినునా? డిస్లెక్సియా గల బాలికకు వాట్సాపులో నాలుగు పేజీల నోట్సు పంపుట గోరుచుట్టుపై రోకటిపోటు. నోటి కండరములను వ్రేళ్లతో తాకి పలుకు నేర్పు స్పీచ్ థెరపీని తంతిలేని యంత్రమున నెట్లు పంపుదురో మాకు తెలియదు. ఇంటికొక ఫోనుండి, అదియు తండ్రితో పనికి పోయినచోట ఈ ప్రశ్నయే పుట్టదు. ఆ యేడు పరీక్షలు రద్దుచేసి పదవ తరగతి వారినందరిని ఉత్తీర్ణులనిరి. క్రింది తరగతులలోని మన విశేషబాలలును కాగితముపై పై తరగతికి పోయిరి. గ్లాసు బొమ్మ చూపుట మరచిన సంగతి ఏ కాగితమునను చేరలేదు.

"వ్యాధి ప్రాణాంతకమైనది, ప్రాణములకంటె బడి ఎక్కువా?" అని మమ్మడుగువారు కలరు. వ్యాధి నిజమైనదే. మొదటి వారములలో అన్నియు మూయుటను మేము తప్పుపట్టము. 2021 ఏప్రిలు, మే నెలలలో శ్మశానములయందు చోటు చాలని దినములను మేమును చూచినాము. మా ప్రశ్న మూయుటనుగూర్చి కాదు, తెరచిన వరుసనుగూర్చి. ఆంధ్రప్రదేశమున మద్యపు దుకాణములు 2020 మే 4 వ తేదీన తెరచిరి. తెలంగాణమున మే 6 న. ఎండలో బారులు తీరిన జనమును ప్రపంచమంతయు చూచినది. రాబడి కావలయునని సమాధానము చెప్పిరి. ఆంధ్రప్రదేశమున తొమ్మిది, పది తరగతుల బడితలుపులు తెరచినది ఆ యేడు నవంబరు 2 న. ఈ రెండు తేదీల నడుమనున్న ఆరు నెలలను మాకు వివరింపగల ప్రజారోగ్య శాస్త్రమేదో చెప్పవలయును. మందిలో త్రాగుబోతు నిలువవచ్చునట; నలుగురు పిల్లలు, ఒక్క ఉపాధ్యాయురాలు, తెరచిన కిటికీలు గల భవిత కేంద్రపు గది అపాయకరమైనదట!

ఇతర దేశములవారు దీని నెట్లు చూచిరో కొంచెము చెప్పెదము. స్పెయినునందు 2020 మార్చి 14 న విధించిన నిర్బంధము మనకంటె కఠినమైనది. ఏప్రిలు 26 వరకు పిల్లలను వీధిలో ఆడనీయనే లేదు. అట్టి దేశమున సయితము ఒక వారము లోపల, ఆటిజము మొదలగునవి గలవారు తోడుగా ఒక మనిషితో బయట నడువవచ్చునని ఉత్తర్వు వెలువడినది. ఫ్రాన్సున ఏప్రిలు 2 న, అనగా ప్రపంచ ఆటిజము దినమున, అట్టి సడలింపునే ప్రకటించిరి. ఇంగ్లండున దినమున కొకమారే వ్యాయామమునకు పోవలయునన్న నిబంధనను, ఆటిజము గల పిల్లల కుటుంబములు రెండు న్యాయవాదులద్వారా ప్రశ్నింపగా, ఏప్రిలు 8 న సవరించిరి. ఆ దేశమువారిని పొగడుట మా యుద్దేశము కాదు. విశేషబాలల విద్యకు చట్టము కల్పించిన హక్కును, చేతనైనంత ప్రయత్నము చాలునని ఆ మే 1 మొదలు జూలై 31 వరకు సడలించినవారును వారే. మనదేశమున వికలాంగుల సాధికారత శాఖవారు మార్చి నెలలోనే మార్గదర్శక సూత్రములు పంపిరి. సంరక్షకులకు పాసులీయవలయునని అందున్నది, మంచిదే. కాని పిల్లవానిని దినమున కొక్కమారు చేయిపట్టుకొని వీధి చివరవరకు నడిపింపవచ్చునన్న మాట మాకందు కనబడలేదు. నడిపించిన తండ్రులకు కనబడినది లాఠీ.

అనుమతి యున్నంతమాత్రమున చాలదని గూడ స్పెయినే చూపినది. బిడ్డతో వీధికి వచ్చిన తల్లులను బాల్కనీలలోనివారు తిట్టిరి. తిట్లు తప్పించుకొనుటకు కొందరు నీలిగుడ్డ చేతికి కట్టుకొనిరి. మన అపార్టుమెంటులలో నీలిగుడ్డ కట్టినను మానుదురా? రాత్రి అరచుచున్నాడని అసోసియేషనువారు చీటీ పంపుటయు, లిఫ్టులో పిచ్చిపిల్లవాడని ప్రక్కకు తొలగుటయు వ్యాధితో వచ్చినవి కావు. వ్యాధికి పూర్వమును ఆ బిడ్డలలో అనేకులు ఇంటిలోనే యుండిరి. అక్క పెండ్లి చెడునని, బంధువులు నవ్వుదురని, చుట్టములు వచ్చినపుడు లోపలి గదిలో కూర్చుండబెట్టు ఇండ్లు విద్యావంతుల వీధులలోనే కలవు. లోకమంతటికిని లాక్‌డౌను 2020 లో వచ్చినది. ఆ గదిలోనివానికి పుట్టుకతోనే వచ్చినది. ఈ పత్రిక చదువు గృహస్థులు దీనిని సర్కారు తప్పుగా మాత్రమే చదివినచో సగము చదివినట్లే.

మాకు చెప్పబడిన ఆక్షేపణ మరియొకటి యున్నది. అది నిజాయితీ గలది గనుక దాటిపోము. కొందరు పిల్లలు ఇంటిపట్టున సుఖముగా నుండిరి. బడిలో వెక్కిరింపు లేదు, గంట మోత లేదు, పరుగు లేదు. నిదానముగా తినిరి, నిదానముగా చదివిరి. ఇది సత్యమే, ఆటిజము గల పిల్లలు కొందరే ఈ మాట చెప్పియున్నారు. కాని దీనివలన బడి మూయుట మంచిదని తేలదు. బడి వారినెంత బాధించుచుండెనో తేలినది. అరువదిమందిని ఒక గదిలో కుక్కి, నిలువలేనివానిని నిలువబెట్టి, చదువలేనిదానిని నలుగురిలో బిగ్గరగా చదివించి, మొద్దని పేరు పెట్టు ఉపాధ్యాయులు మా వృత్తిలో తక్కువగా లేరు. బి.ఇడి. పట్టములు పుచ్చుకొన్నవారిలో డిస్లెక్సియాను గుర్తుపట్టగలవారెందరు? మూతబడిన బడిని తెరచుటతోపాటు ఈ బడిని మార్చుటయు మా కోరికయే. అది వేరొక నెల వ్రాయదగిన సంగతి.

చట్టము లేదని యెవ్వరును తప్పించుకొనజాలరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున ఆటిజము, మేధోవైకల్యము, డిస్లెక్సియా మొదలగు అభ్యసనవైకల్యములు పేరుపేరున చేర్పబడినవి. దాని 8 వ సెక్షను, ఆపదలయందును విపత్తులయందును వికలాంగులకు అందరితో సమానమైన రక్షణ యుండవలయునని చెప్పుచున్నది. అంతటితో విడువక, ప్రతి జిల్లాలోను విపత్తు నిర్వహణ సంస్థవారు ఆ జిల్లాలోని వికలాంగుల వివరములతో ఒక పట్టిక ఉంచవలయుననియు, అపాయము వచ్చునపుడు వారికి తగురీతిని తెలుపవలయుననియు శాసించినది. లాక్‌డౌనును విధించినది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టముక్రిందనే. అనగా ఇంటిలో నుండుడని ఏ చట్టముక్రింద ఆజ్ఞాపించిరో, ఆ చట్టముక్రింద ఏర్పడిన జిల్లా సంస్థయే, ఎవరి ఇంట ఎట్టి బిడ్డ యున్నదో తెలిసికొని యుండవలసిన సంస్థ. ఆజ్ఞ ఇంటింటికి వచ్చినది. పట్టిక చేతబట్టుకొని వచ్చినవారెవరినైన చదువరులు చూచియున్నారా?

జిల్లా విపత్తు ప్రణాళికను ఏటేట సరిచూడవలయునని ఆ 2005 చట్టమే చెప్పుచున్నది. ఆ సంస్థకు కలెక్టరుగారు అధ్యక్షులు. కావున ప్రతి మండలములోని తల్లిదండ్రుల సంఘములును, ఉపాధ్యాయ సంఘములును ఈ సంవత్సరమే వారికి అర్జీ పెట్టుకొని మూడు సంగతులడుగవలయును: ఆ పట్టిక ఉన్నదా, ఉన్నచో అందు పిల్లలెందరు? రాబోవు మూతలో భవిత కేంద్రములు ఆసుపత్రులవలె తెరచియుండునా? వైద్యుని చీటి లేక మందు ఆగిపోవు పిల్లలకు చీటి ఎవరు తెచ్చియిత్తురు? సమాధానము రానిచో సమాచారహక్కు చట్టముక్రింద మరల అడుగవలయును. దానికి రుసుము పది రూపాయలు.