చూడవచ్చు, తాకరాదు

పలాస స్టేషనులో రైలెక్కి హైదరాబాద్ చూడబోయిన మా ప్రాంత విద్యార్థులు తిరిగివచ్చేటప్పుడు చార్మినార్, గోల్కొండలతో పాటు మరొక ఫొటో తీసుకొస్తున్నారు. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం కింద నిలబడి దిగిన ఫొటో అది. 2024 జనవరిలో విజయవాడ స్వరాజ్య మైదానంలోనూ అంతే ఎత్తు విగ్రహం వెలిసింది. ఈ ఫొటోలను చూసి పెదవి విరిచేవారున్నారు. విగ్రహం కూడు పెడుతుందా, ఆ డబ్బుతో బడులు కట్టవచ్చు కదా అంటారు. ఇతరుల విగ్రహాలు లేచినప్పుడు ఈ లెక్కలు అంతగా వినబడవు.

నందిగాం మండలంలో పుట్టిపెరిగి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న నాకు ఈ ఫొటోలు తేలికైన విషయంగా కనిపించవు. విహారయాత్ర కూడా కుల చరిత్రలో ఒక అధ్యాయమే. 1934లో అంబేడ్కర్ తన సహచరులతో కలిసి వేరూళ్ గుహలు చూడటానికి బయలుదేరారు. దారిలో నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట వద్ద ఆగారు. 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీ నుంచి రాజధానిని మార్చింది అక్కడికే. ప్రయాణపు దుమ్ము కడుక్కుందామని కోట ద్వారం దగ్గరున్న చెరువులో వారు ముఖాలు కడుక్కున్నారు. అంటరానివాళ్లు నీళ్లు మైలపరచారంటూ జనం మీదికి వచ్చారు. చివరకు కోట చూడటానికి అనుమతి దొరికింది. అయితే లోపల ఎక్కడా నీరు ముట్టకుండా కాపలాకు ఆయుధధారి అయిన సిపాయిని వెంట పంపారు. కొలంబియా, లండన్ డాక్టరేట్లు, రౌండ్‌టేబుల్ సమావేశాల్లో పాల్గొన్న ప్రతిష్ఠ, ఏవీ ఆ చెరువు గట్టున అక్కరకు రాలేదు. ఈ సంగతిని ఆయనే తన స్వీయానుభవాల రచనలో నమోదు చేశారు.

ఆ సిపాయి కాపలాలో కులం పనిచేసే తీరంతా ఉంది. చూడటానికి అభ్యంతరం లేదు, తాకితేనే నేరం. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో ఖండం ఈ రెంటినీ ఒకేచోట చేర్చింది. దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లో ప్రవేశాన్నీ, ప్రజల బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకాన్నీ కులం పేరిట అడ్డుకోరాదని చెప్పింది. విహారం, నీరు పక్కపక్కన ఉన్న ఆ వాక్యాలను దౌలతాబాద్ తెలిసినవారు మామూలుగా చదవలేరు.

నేటి రాజధాని మొదటి హక్కును ధారాళంగానే ఇస్తోంది. విగ్రహం కింద ఎవరైనా ఫొటో దిగవచ్చు. సచివాలయానికి కూడా అంబేడ్కర్ పేరే పెట్టారు. రెండో హక్కు సంగతి ఊళ్లలో తేలుతుంది. అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలంలోని లక్ష్మీపేటలో, మడ్డువలస జలాశయం కోసం సేకరించగా మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగు చేసుకున్నారు. 2012 జూన్ 12న జరిగిన దాడిలో ఐదుగురు దళితులు హతులయ్యారు. భూమిని దూరం నుంచి చూసి ఊరుకున్నంత కాలం ఎవరికీ కోపం రాదు. నాగలి పట్టినప్పుడే వస్తుంది.

పాలకులకు విగ్రహం సులువు. ఒక్కసారి ఖర్చు, ఒక్కసారి ఆవిష్కరణ, ఆపైన ఏటా పూలదండ. భూమి, నీరు, ఉద్యోగం, బడ్జెట్ వాటాలకు ఏటా లెక్క చెప్పవలసి ఉంటుంది. జనాభా దామాషాలో నిధులు ఖర్చు చేయాలని 2013లో ఉపప్రణాళిక చట్టం వచ్చింది. ఆ నిధుల్లో మన పేటకు చేరిందెంతో విగ్రహం ఎత్తు తెలిసినంత బాగా మనకు తెలుసా?

కనుక విద్యార్థులు ఫొటోలు దిగడం మానాలని నేను అనను. తాతలను నిలబడనివ్వని చోట మనవరాలు నవ్వుతూ నిలబడటం చిన్న విషయం కాదు. అయితే రాజధానికి వెళ్లిన విద్యార్థి విగ్రహంతో పాటు సచివాలయంలోని శాఖనూ చూడాలి, సమాచార హక్కు దరఖాస్తు అక్కడ ఇచ్చి రావాలి. నందిగాం తిరిగి వచ్చాక ఊరి చెరువు, గుడి, శ్మశానం దారి, పోరంబోకు భూమి ఎవరి చేతుల్లో ఉన్నాయో రాసిపెట్టాలి. ఆ విగ్రహం చూపుడువేలు ఎత్తి నిలబడింది. ఫొటోలో ఆ వేలు పడేలా జాగ్రత్తపడే మనం, అది ఎటు చూపుతోందో కూడా చూడాలి.