చక్రమునకు కవచమేల?

నెల్లూరు తీరమున కొత్త కారు కొనువారి మనస్సులలో ఒక అభిప్రాయము బలముగా వేరూనినది. షోరూములో బల్లకావల కూర్చున్న యువకుడు కొటేషను కాగితమును మనవైపునకు త్రిప్పి, తాను ముందుగానే టిక్కు పెట్టియుంచిన ఒక వరుసపై కలము మోపి, “మన రోడ్లు చూస్తానే ఉండారు గదా సార్, టైరు కవరు లేకపోతే ఎట్టా?” అని అడుగును. ఆ ప్రశ్నకు కొనువాని నోట బదులు రాదు. ఏలయన, రోడ్లను గూర్చి ఆ యువకుడు పలికినది పరమ సత్యము. కృష్ణపట్నము రేవునుండి బొగ్గు లారీలు సాగు ముత్తుకూరు త్రోవను, రొయ్యల గుంటల గట్ల నడుమ ఒదిగి పోవు ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు పల్లె బాటలను, కార్తికపు వానలు వెలిసిన పిమ్మట మైపాడు రోడ్డు అంచులను కన్నులార చూచినవారెవ్వరును ఆ మాటను కాదనజాలరు. నేనును కాదనను. ఆ సత్యమునుండి ఆతడు లాగు సిద్ధాంతమును మాత్రము ఒప్పుకొనజాలను. ఆ రోడ్లు మన టైర్లకు కలిగించు నష్టములలో ఈ కవరు భరించునది స్వల్పభాగము. ఆ స్వల్పభాగమైనను సామాన్యమైన కారు కలవాడు తన చేతి డబ్బుతో భరించుకొనదగినదే.

మోటారు బీమా స్వరూపమును ముందు తెలిసికొనవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 146వ సెక్షను మన బండివలన పరులకు కలుగు హానికి బీమా ఉండితీరవలెనని శాసించినది; సుప్రీంకోర్టు ఆదేశానుసారము 2018 సెప్టెంబరు 1వ తేదీనుండి కొత్త కారునకు ఈ థర్డ్ పార్టీ బీమాను ఒకేసారి మూడేండ్లకు తీసికొనవలసియున్నది. మన బండికే కలుగు నష్టమునకు తీసికొను ఓన్ డ్యామేజి బీమా మన ఇచ్ఛకు వదలినది. ఆ రెండవదానిలో చిరకాలముగా ఒక నియమమున్నది: టైర్లు, ట్యూబులు మాత్రమే చెడినచో పరిహారము లేదు, అదే సమయమున బండికి కూడ దెబ్బ తగిలినచో కొత్త టైరు ఖరీదులో 50 శాతమునకు మించి ఇయ్యరు. 2007లో టారిఫు రేట్ల కట్టడి తొలగిన తరువాత బీమా సంస్థలు ఇట్టి ఖాళీలను ఒక్కొక్కటిగా వెదకి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క యాడ్ ఆన్ కల్పించినవి. టైరు కవరు పుట్టుక అది.

అయితే ఆ నియమము మినహాయించినది టైర్లను, ట్యూబులను మాత్రమే. రిమ్ము బండిలో భాగము. గోతి అంచు తగిలి రిమ్ము వంగినను, అల్లాయ్ చక్రము చిట్లినను, అది ప్రమాదవశమున బండికి తగిలిన దెబ్బయే, 1500 సి.సి. లోపు కారునకు మనము విధిగా భరించవలసిన 1,000 రూపాయలును, అంతకు మించినదానికి 2,000 రూపాయలును, తరుగుదలయు పోగా, మిగిలినదానిని సాధారణ పాలసీ క్రిందనే అడుగవచ్చును. రిమ్మును టైరును ఒకే దెబ్బకు చెడినచో ఆ టైరు ఖరీదులో సగమును అడుగుటకు పాలసీ మాటలలోనే ఆధారమున్నది. ఈ సంగతి చెప్పి ఆ పిమ్మట టైరు కవరు అమ్మువానిని నేనింతవరకు చూడలేదు.

ఇక కవరు కాగితమును తిరగవేసి చూతము. వెనుకవైపు సన్నని అక్షరములలో ఉండు మినహాయింపులు సంస్థకొక తీరుగా ఉన్నను, వాని సారము ఇంచుమించుగా ఒక్కటే: పంచరునకు లేదు, అరుగుదలకు లేదు, తయారీ లోపమునకు లేదు, అలైన్‌మెంటు చెడి ఒకవైపు తినివేసిన టైరునకు లేదు. మన తీరమున టైర్లు పడు పాట్లతో ఈ పట్టికను ప్రక్క ప్రక్కన పెట్టి చూడుడు. రోహిణీకార్తె ఎండలలో కాలిన తారుపై, గాలి తక్కువైన టైరు ప్రతి భ్రమణమునకు ప్రక్కకు ఒరిగి నలిగి తనలో తానే వేడెక్కి, కొంతకాలమునకు గోడలపై సన్నని బీటలు తీయును. అది అరుగుదల క్రిందికి పోవును. లారీల బాడీలనుండి రాలిన మేకులు, గుంటల గట్లపై నరికి పడవేసిన సర్కారు తుమ్మ ముండ్లు దిగబడుట నిత్యకృత్యము, అది పంచరు. పంచరు షాపువాడు చక్రముపై సబ్బునీరు చిలికి, బుడగ లేచిన తావున సుద్దతో గుర్తు పెట్టి, పట్టకారుతో మేకును పెరికి, జిగురు పూసిన స్ట్రిప్పును సూదితో లోనికి దూర్చి, బయట మిగిలిన తోకను బ్లేడుతో కోసి, పది నిమిషములలో బండిని సాగనంపును. నూరు రెండు నూర్లతో ముగియు ఈ ఖర్చే మన తీరమున టైరునకు కలుగు నిత్యనష్టము; దానితో ఈ కవరునకు సంబంధము లేదు.

మరి కవరు దేనికి పనికివచ్చును? వేగముగా పోవు కారు చక్రము గోతి ఆవలి అంచునకు కొట్టుకొన్నప్పుడు, ఆ అంచునకును రిమ్మునకును మధ్య టైరు గోడ నలిగి, లోపలి దారములు తెగును. తెగినచోట గాలి రబ్బరును వెలికి నెట్టగా గోడపై బొబ్బవంటి ఉబ్బు లేచును. దీనికి మరమ్మతు లేదు, టైరు మార్చవలసినదే. మార్చక హైవే ఎక్కుట ప్రాణాపాయము. ఇట్టి ఉబ్బు, కోత, పగులు ఈ కవరు పరిధిలోనివి. ఇక్కడ కవరు నిజముగానే అక్కరకు వచ్చునని ఒప్పుకొందును. కాని సర్వేయరు వచ్చి మొదట చూచునది ఉబ్బును కాదు, గాడుల లోతును. కేంద్ర మోటారు వాహనముల నియమముల ప్రకారము కారు టైరునకు ఉండవలసిన కనీసపు లోతు 1.6 మిల్లీమీటర్లు, అంతకంటె తగ్గినచో పరిహారమే లేదు, దానికి పైన మిగిలియున్న లోతును బట్టి పూర్తి ఖరీదో, ముప్పాతికయో, సగమో ఇచ్చుట సామాన్యముగా కనబడు పద్ధతి. కొత్తగా ఉన్నప్పుడు నిండు రక్షణ, అరిగిన కొలది తరుగు రక్షణ. ప్రీమియము మాత్రము టైరుతోపాటు అరుగదు.

లెక్క వేసి చూతము. టైరు ఖరీదు 5,000 రూపాయలనియు, కవరునకు ఏటికి 1,500 రూపాయలనియు అనుకొందము. 18 శాతము జి.ఎస్.టి. చేర్చగా 1,770 అగును, నాలుగేండ్లకు 7,080. ఆ నాలుగేండ్లలో ఒక టైరు పూర్తి పరిహారమునకు అర్హమగునట్లు చెడినను మనము నష్టములోనే ఉందుము. రెండు టైర్లు, అవియును గాడుల లోతు చాలినంత ఉండగానే పగిలినగాని పెట్టిన డబ్బు తిరిగి రాదు. తన బండి టైరు ధరను, తనకిచ్చిన కొటేషనును ఈ లెక్కలో పెట్టి ప్రతివాడును స్వయముగా చూచుకొనవచ్చును. ఆ శ్రమకు పూనుకొనక సంతకము చేయువారే ఎక్కువ.

దీనికి బుద్ధిమంతులు చెప్పు ఆక్షేపణ ఒకటి కలదు, దానిని తేలికగా త్రోసివేయరాదు. హైదరాబాదులో చక్కని రోడ్లపై తిరుగువానికిని, కోడూరు బీచికి పోయివచ్చువానికిని ప్రీమియము ఇంచుమించు ఒక్కటే అయినప్పుడు, చెడు రోడ్లలో తిరుగువానికే లాభము గదా అని వారందురు. బీమా సంస్థ లెక్క తెలియనిదైనచో ఈ వాదము నిలుచును. కాని తరచుగా జరుగు నష్టములను మినహాయింపులలోనికి త్రోసి, అరుదుగా జరుగు దానిని గాడుల కొలతకు బిగించినది ఈ లాభము మనకు దక్కకుండుటకే. అంతకు మించి, బీమా యొక్క ధర్మమును ఈ వాదము మరచినది. వేయిమంది చేతులు కలిపి, ఒక్కనిపై పడిన పిడుగును తలా కొంత మోయుట బీమా. ఆ పిడుగు వానిని కూల్చునంతటిది కావలెను. మన కారు తగిలి ఒకరు మరణించినచో చెల్లించవలసిన పరిహారమునకు చట్టములో పరిమితి లేదు; అది కుటుంబమును నేలమట్టము చేయగల భారము, కనుకనే దానికి బీమా తప్పనిసరి. టైరు ఖరీదు ఏ కుటుంబమును కూల్చదు. కూల్చని నష్టమునకు బీమా కొనుటయనగా, మన ఖర్చునే సంస్థ చేతికి ముందుగా ఇచ్చి, దాని జీతములను, కమీషనును, పన్నును పైన చెల్లించి, మిగిలినదానిని షరతులతో తిరిగి అడుగుకొనుట.

మన తీరమున కారును కూల్చు ఆపద వేరొకటి కలదు, అది నీరు. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు వద్ద రైలు పట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయినది. కోవూరు ప్రాంతమున పదునారవ నంబరు జాతీయ రహదారి తెగి రాకపోకలు నిలిచిపోయినవి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను బాపట్ల దాపున తీరము దాటుటకు ముందు మన జిల్లాను వానలతో ముంచెత్తినది. ఈశాన్య ఋతుపవనము ఏటేట మనకు తప్పని అతిథి. నీటిలో నిలిచిపోయిన కారును ఆతురతతో స్టార్టు చేసినచో ఇంజను లోనికి నీరు చేరి లోపలి కడ్డీలు వంగును. దాని మరమ్మతు లక్షల మాట. సాధారణ పాలసీ ఇట్టి దానిని పర్యవసాన నష్టమని పేరు పెట్టి త్రోసిపుచ్చుటకు వీలున్నది. కనుక ఈ తీరవాసి ఒక్క యాడ్ ఆన్ కొనదలచినచో అది ఇంజను కవరు కావలెను. పెన్న ఒడ్డున ఇల్లున్నవానికి టైరు కవరును అంటగట్టి, ఇంజను కవరు మాటే ఎత్తని సలహా నా దృష్టిలో సలహా కాదు, అన్యాయము. షోరూములోనే బీమా తీసికొనవలెనను నిర్బంధము కూడ లేదు. 2017లో బీమా నియంత్రణ సంస్థ డీలర్లకు విధించిన నియమములు కొనువాని స్వేచ్ఛను స్పష్టముగా కాపాడినవి.

నో క్లెయిమ్ బోనసు మాట కూడ గుర్తుంచుకొనవలెను. క్లెయిము లేని మొదటి యేటికి 20 శాతముతో ఆరంభించి 25, 35, 45గా పెరిగి 50 శాతము వరకు పోవు ఈ రాయితీ ఒక టైరు కొరకు పెట్టిన క్లెయిముతో పోవునో పోదో, సంతకమునకు ముందే వ్రాతపూర్వకముగా అడిగి తెలిసికొనుట మంచిది.

నా వాదమునకు ఒక మినహాయింపు ఉన్నది. పదునేడు, పదునెనిమిది అంగుళముల అల్లాయ్ చక్రములపై పట్టీవలె పలుచని గోడ గల టైర్లు తొడిగిన ఖరీదైన కార్లకు గోతి దెబ్బ నేరుగా రిమ్మునకే తగులును. అట్టి టైరు ఒక్కటియే చాలమందికి నెల జీతము. పైగా 2020లో సవరించిన నియమముల ప్రకారము, గాలి తెలుపు యంత్రమును, మరమ్మతు కిట్టును ఉన్న కారులో స్టెప్నీ లేకున్నను చెల్లును. అట్టి బండితో ముత్తుకూరు త్రోవన నిత్యము తిరుగువాడు రిమ్ముతో కలిపి కవరు తీసికొన్నచో నేను తప్పు పట్టను. వానికున్న అవసరమును మారుతి ఆల్టో వానికి కూడ అంటించుటనే ఖండించుచున్నాను.

రోడ్ల మాట మిగిలినది. నన్ను అన్నిటికంటె బాధించునది ఇదియే. వెంకటాచలము, బూదనము, సూళ్లూరుపేట టోలుగేట్లలో సుంకము చెల్లించి, కారు కొన్ననాడే రోడ్డు పన్ను కట్టినవాడు గోతిని సహజధర్మముగా అంగీకరించి, దానికి తన జేబునుండి మరియొక ప్రీమియము కట్టుకొనుచున్నాడు. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 198ఎ సెక్షను రోడ్డు నిర్వహణలో లోపము వలన మరణమో అంగవైకల్యమో కలిగినప్పుడు మాత్రమే, అదియును లక్ష రూపాయలకు మించని జరిమానాతో, బాధ్యులను అడుగును. ఉబ్బిన టైరు ఆ చట్టమునకు కనబడదు. కవరు కొన్నవాడు గోతిని గూర్చి అర్జీ వ్రాయుట మానివేయును, ఏలయన అతని నష్టము తీరినది. ఆ గోతిలోనే రొయ్యల మేత మూటను వెనుక కట్టుకొని మోపెడ్డు మీద పోవు రైతును, మైపాడునుండి చేపల గంపలతో ఆడవారిని నెల్లూరునకు తెచ్చు ఆటోవాడును పడుచున్నారు. షోరూము బల్లమీది కాగితములో వారికి వరుస లేదు.

కవరుంటే మనశ్శాంతి అందురు. అర్ధరాత్రి నాయుడుపేట దాటిన పిమ్మట హైవేమీద టైరు పగిలినచో కవరు కాగితము టైరును తెచ్చి యివ్వదు. రోడ్డు సహాయము వేరొక యాడ్ ఆన్. ఆ వేళ ఆదుకొనునది డిక్కీలో గాలి నిండిన స్టెప్నీ, చేతికందు జాకీ, జాతీయ రహదారి సంస్థ వారి 1033 నంబరు. ఉదయము బండి కదలక మునుపు, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, డ్రైవరు తలుపు చట్రముపై అంటించియున్న చీటీలోని అంకెకు గాలి సరిచూచుకొనుట, పెద్ద గోతి తగిలిన ప్రతిసారియు దిగి టైరు లోపలి గోడను చేతితో తడిమి చూచుట, అలైన్‌మెంటు ఆలస్యము చేయకుండుట, ఇవి చేయుచు, కట్టవలసిన ప్రీమియమును ఏటేట బ్యాంకులో వేరుగా ఉంచినవానికి, ఉబ్బిన టైరు ఎదురైననాడు సర్వేయరు కొరకు ఎదురుచూడవలసిన పని లేదు. గాడుల లోతు ఎంత మిగిలినదని అతనిని అడుగువాడును లేడు.