పాటల పట్టికలో పదికాలములు

2009 సెప్టెంబరు మాసములో ఇంగ్లండు దేశపు ఆల్బముల పట్టికలో ప్రథమస్థానము 92 ఏండ్ల వృద్ధురాలికి దక్కినది. ఆమె పేరు వీరా లిన్. ఆ వారమే బీటిల్స్ బృందము వారి పాత ఆల్బములు క్రొత్త మెరుగులు దిద్దుకొని బజారుకు వచ్చినవి. వానిని సైతము వెనుకకు నెట్టి, రెండవ ప్రపంచయుద్ధము నాటి పాటల సంపుటము ముందు నిలిచినది. ఈ వార్త విన్న విద్యార్థి నవ్వి ఊరకుండవచ్చును. ఉపాధ్యాయుడు ‘ఆ కాలపు సంగీతమే వేరు’ అని తృప్తిపడవచ్చును. రెండును తొందరపాటే.

ఈ పట్టిక పుట్టుక చాల సామాన్యమైనది. 1952 నవంబరు 14వ తేదీన న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్ అను పత్రిక, సుమారు ఇరువది దుకాణములకు టెలిఫోను చేసి, ఆ వారము ఏ రికార్డులు ఎక్కువగా అమ్ముడుపోయినవో కనుగొని అచ్చువేసినది. విద్వాంసుల సభ లేదు, పరీక్షకులు లేరు. అంగడివాని చిట్టా వంటిదే అది. ఆ మొదటి చిట్టాలోనే వీరా లిన్ పాటలు మూడు ఉన్నవి. అప్పటికే ఆమె కీర్తి పాతబడినది.

ఆమె 1917లో లండను తూర్పుప్రాంతమున, నీటిగొట్టములు బాగుచేయు కార్మికుని ఇంట పుట్టినది. ఏడేండ్ల వయసునుండియే సభలలో పాడినది. ‘మరల కలుసుకొందము’ అని అర్థము వచ్చు పల్లవిగల పాటను ఆమె 1939లో రికార్డు చేసినది. యుద్ధము మొదలైన సంవత్సరమది. 1944లో బర్మా రణరంగమునకు పోయి సైనికుల ఎదుట పాడినది. అక్కడి పదునాలుగవ సేనలో భారతీయులే అధికసంఖ్యాకులు. ఆమె గానములో గమకముల వైభవము లేదు, పాండిత్యప్రదర్శన లేదు. ప్రతి మాటయు స్పష్టముగా చెవిని పడుతుంది. ఇంటికి తిరిగి పోగలమో లేదో తెలియని వానికి కావలసినదియు అదే. ఆ పాటను కొన్నవారు సంగీతమును కొనలేదు, ఒక ఎడబాటు జ్ఞాపకమును కొన్నారు. యుద్ధారంభమునకు డెబ్బది ఏండ్లు నిండిన 2009లో ఆ జ్ఞాపకమే ఆమెను శిఖరమున కూర్చుండబెట్టినది. నూరవ పుట్టినరోజుకు, 2017లో, వెలువడిన ఆల్బము మూడవ స్థానమునకు వచ్చినది. 2020 ఏప్రిలులో మహమ్మారి వలన ఇండ్లలో చిక్కుబడిన ప్రజలతో ఎలిజబెతు రాణి మాటలాడుచు, ఆ పాట పల్లవితోనే ప్రసంగమును ముగించినది. ఆ జూను 18న వీరా లిన్ 103వ ఏట కన్నుమూసినది.

క్లిఫ్ రిచర్డు కథ వేరు. 1940లో లక్నోలో పుట్టి, ఏడేండ్ల వయసున ఇంగ్లండు చేరిన ఈ గాయకుడు 1958లో రంగమునకు వచ్చినాడు. 1959లో మొదటిసారి, 1999లో మరల, నడుమ ప్రతి దశాబ్దమునను, సింగిల్సు పట్టికలో అగ్రస్థానమును అందుకొన్నాడు. 1999 నాటి ప్రార్థనాగీతమును పెక్కు రేడియో కేంద్రములు వినిపింపనే లేదు. అయినను జనము కొన్నారు. అభిరుచి మారినప్పుడెల్ల తానును కొంత మారి, క్రొత్త పాటతో మరల వాకిట నిలిచిన మనిషి ఇతడు. అతని పాటలన్నియు గొప్పవి కావు. కాని ఓపిక గొప్పది. దీర్ఘాయువు అను మాట నిజముగా చెల్లునది ఇటువంటివానికే.

అమెరికాలో బ్రెండా లీ పాడిన క్రిస్మసు పాటను చూడుడు. 1958లో, పదమూడేండ్ల బాలికగా, ఆమె దానిని రికార్డు చేసినది. ఆ రికార్డే, ఒక అక్షరము మారకుండ, 2023 డిసెంబరులో బిల్‌బోర్డు పట్టికలో ప్రథమస్థానమునకు వచ్చినది. గాయనికి 78 ఏండ్లు. వినబడుచున్న గొంతుకు మాత్రము ఇంకను పదమూడే. ఇచ్చట బ్రతికినది గాయనియా, రికార్డా?

రికార్డే అనవలెను. దానికి కారణమున్నది. పూర్వము ఒకడు గ్రామఫోను రికార్డును కొన్నచో పట్టిక ఒక్కసారి లెక్కించెడిది. ఇంటికి తెచ్చి వేయిసార్లు వినినను, మూలను పడవేసినను లెక్క ఒకటే. నేడు ఇంటర్నెట్టు ద్వారా విన్న ప్రతి వినికిడియు లెక్కకు వచ్చుచున్నది; ఇంగ్లండు సింగిల్సు పట్టికలో ఈ పద్ధతి 2014లో చేరినది. కొనుగోలు పట్టిక కాస్త వాడుక పట్టిక అయినది. పాత పాటలకు ప్రాణము లేచి వచ్చినదన్న మాటలో సగము సత్యమే. అవి ఎన్నడును చావలేదు, లెక్కింపబడలేదు, అంతే.

నిబంధన మారినచో ఆయువును మారుతుంది. పింక్ ఫ్లాయిడ్ బృందము 1973లో వెలువరించిన ఆల్బము అమెరికా పట్టికలో ఏడువందల వారములకు పైగా నిలిచి కీర్తిగాంచినది. 1991 నుండి 2009 వరకు పాత ఆల్బములను ప్రధాన పట్టికనుండి తొలగించి వేరు పంక్తిలో కూర్చుండబెట్టినారు. ఇంగ్లండులో పాతబడి వాడిక తగ్గిన పాటల వినికిడిని సగమే లెక్కించు నియమమున్నది. 1985 నాటి కేట్ బుష్ పాట ఒక టెలివిజను ధారావాహిక వలన మరల ప్రచారము పొందగా, 2022లో ఆమెకు ఆ నియమమునుండి మినహాయింపు ఇచ్చిన పిమ్మటనే అది మొదటి స్థానమునకు వచ్చినది. తరగతిలో ‘ఈ పాట నంబరు ఒకటి’ అని విద్యార్థి గర్వముగా చెప్పినప్పుడు, ‘ఎవరు లెక్కించినారు, దేనిని లెక్కించినారు?’ అని ఉపాధ్యాయుడు అడుగవలెను. ఛీకొట్టి పంపుట సులభము, అడుగుట కష్టము. పోతన పద్యములను ఎందరు కంఠస్థము చేసినారో ఏ కార్యాలయమును లెక్కింపలేదు గదా, అని ఆ విద్యార్థి ఎదురడిగినను మంచిదే.

ఇంగ్లండులో మొదటి పట్టిక వెలువడిన కొద్ది వారములకే, 1952 డిసెంబరులో, రేడియో సిలోను నుండి బినాకా గీత్‌మాలా ఆరంభమైనది. బుధవారము రాత్రి అమీన్ సయానీ కంఠమునకై తెలుగునాట కూడ రేడియోల చుట్టు జనము మూగెడివారు. పిమ్మట వచ్చిన ఆ హిందీ పాటల వరుసలో ఒక చక్కని ఆచారముండెడిది. చాల వారములు నిలిచిన పాటకు ‘సర్‌తాజ్’ అని కిరీటము పెట్టి, సగౌరవముగా పంక్తినుండి లేపి, క్రొత్త పాటకు చోటిచ్చెడివారు. అమెరికా పట్టికకు అటువంటి మర్యాద లేదు. డిసెంబరు రాగానే పదమూడేండ్ల బ్రెండా లీ వచ్చి, క్రొత్తవారిని పక్కకు జరిపి, తన చోట కూర్చుంటున్నది.