ఫైరింజను ఊరవతల ఉంటే ఎవరికి మేలు?

మొన్న శుక్రవారం విందు ముగిశాక, స్వదేశం వెళ్ళివచ్చిన మిత్రులొకరు అన్నారు: "ఊరి నడిబొడ్డున కోట్లు చేసే స్థలంలో ఆ పాత ఫైర్ స్టేషన్ ఎందుకండీ? బైపాసు రోడ్డుకు తరలించి అక్కడ షాపింగ్ కాంప్లెక్సు కడితే సరిపోదూ!" చాలామంది తలలూపారు. నేను ఊపలేకపోయాను. ఎందుకో చెప్పకపోతే నా వృత్తికి ద్రోహం చేసినవాణ్ణవుతాను.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక వేసవి రాత్రి తాటాకిల్లు అంటుకుని ఒకే కుటుంబంలో ముగ్గుర్ని తీసుకొచ్చారు. ఫైరింజను పొరుగు పట్టణం నుంచి రావలసి వచ్చిందట. అది వచ్చేసరికి బూడిదే మిగిలింది. తెల్లవారేలోగా ఇద్దరు పోయారు. అయ్యా, మంటకన్నా ముందు పొగ చంపుతుంది. నాలుగైదు నిమిషాలు మెదడుకు ప్రాణవాయువు అందకపోతే ఆ పైన మా చేతుల్లో ఉండేది స్వల్పం. ఆ స్థలం విలువను గజాల్లో కాదు, నిమిషాల్లో లెక్కకట్టాలి.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది పోయారు. అత్యధికులు ఊపిరాడకే పోయారు. ఫైరింజన్లు సాయంకాలపు రద్దీలో చిక్కుకున్నాయి. రేపు బైపాసు నుంచి బయలుదేరే ఇంజనుకు మన బజారు దారి ఇస్తుందా?

"దగ్గరుంటే చాలునా?" అనవచ్చు. చాలదు. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ దగ్గర ఒకే ఇంట్లో 17 మంది పోయారు. వారిలో పసిపిల్లలున్నారు. ఆ ఇంట్లోకి ఉన్నది ఇరుకుదారి ఒక్కటే. అంటే సామీప్యంతో పాటు పరిచయమూ కావాలి. ఏ ఇంటికి రెండో గుమ్మం లేదో, ఏ సందులో ఇంజను తిరగదో ముందే తెలిసిన మనిషి ఆ పేటలోనే మసలుతూ ఉండాలి. ఏలూరులో ఒక కూడలి పేరే ఫైర్ స్టేషన్ సెంటర్. జనం నోట స్థిరపడిన అలాంటి చోటును చెరపడం సులభం, మళ్ళీ కల్పించడం కష్టం. 1736లో ఫిలడెల్ఫియాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ యూనియన్ ఫైర్ కంపెనీ పెట్టినప్పుడు, తోలు బకెట్లు పట్టుకుని పరుగెత్తింది ఇరుగుపొరుగువారే. భవనం పాతదైతే బాగుచేయించండి, కొత్త ఇంజన్లు తెప్పించండి. చోటు మాత్రం కదపకండి.

ఇది ధహ్రాన్‌లో ఉన్న మనకు ఒకరు చెప్పాలా? 1938లో చమురు పొంగిన ఏడో నంబరు బావి గురించి అందరం చెప్పుకుంటాం. 1939 జూలైలో అంటుకున్న పన్నెండో బావిని తలచుకునేవారు తక్కువ. ఆ మంటను అదుపు చేయడానికి పది రోజులు పట్టింది. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీ మంటల్లో 60 మంది దాకా పోయారు. ఇక్కడ డ్రిల్లు సైరన్ మోగితే కాఫీ కప్పు వదిలేసి బుద్ధిగా వరుసలో నిలబడతాం. బొంబాయిలో విమానం దిగగానే ఆ బుద్ధి ఏమవుతోంది?

ఊరికి ఏదైనా చేద్దామంటే మనకు ముందు గుర్తొచ్చేది స్వాగత ద్వారం. అది ఒక్క బకెట్టు నీళ్ళు మోయదు. ఈసారి సెలవుల్లో పిల్లల్ని మీ ఊరి ఫైర్ స్టేషన్‌కు తీసుకెళ్ళండి. అక్కడివారికి ఏం లోటో అడగండి. తరలింపు మాట వినిపిస్తే మునిసిపాలిటీకి అర్జీ పెట్టండి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది బలయ్యారు. ఏటా ఆ రోజున దేశం వారిని స్మరిస్తుంది. వచ్చే ఏప్రిల్ 14న మన సంఘం కూడా ఒక గంట కేటాయించాలని నా కోరిక. తలలూపిన మిత్రులు ఆ రోజు తప్పక రావాలి. వాదించడానికైనా సరే!