రాకెట్టు పందెములు – రెక్కలు కాలక ముందే



ఆకాశములో పందెము మనకు క్రొత్త కాదు. సంపాతి, జటాయువు పంతము పట్టి సూర్యుని వెంబడి ఎగిరిన కథ కిష్కింధాకాండలో ఉన్నది. వేడికి సొమ్మసిల్లిన తమ్ముని అన్న తన రెక్కలతో కప్పి కాపాడినాడు. తాను మాత్రము రెక్కలు కాలి వింధ్యపర్వతముపై పడినాడు. "ఇంతవరకే, ఇక చాలు" అని ముందుగా హద్దు గీచిన వారెవ్వరును ఆ పందెములో లేరు. రాకెట్టు విమానముల పందెములను గూర్చి చదివినప్పుడెల్ల నాకీ కథయే స్ఫురించును.

2005లో అమెరికాలో పీటర్ డయామండిస్, గ్రేంజర్ వైట్‌లా అను ఇద్దరు రాకెట్ రేసింగ్ లీగ్ స్థాపించినారు. వెలాసిటీ అను చిన్న విమానమునకు ఎక్స్‌కోర్ సంస్థవారు కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌లతో నడిచే రాకెట్టు ఇంజను అమర్చినారు. 2008లో ఆష్‌కాష్ విమానోత్సవములో, పూర్వము స్పేస్ షటిల్ నడిపిన రిక్ సీర్‌ఫాస్ దానిని ప్రజల ముందు ఎగురవేసినారు. 2010లో టల్సాలో మరియొక ప్రదర్శన జరిగినది. అంతే! అసలు పందెము ఒక్కటియు జరుగలేదు. 2017లో ఎక్స్‌కోర్ దివాలా తీసినది.

దీనిని వైఫల్యమనువారు ఉన్నారు. నాకు మాత్రము పందెము జరుగక మునుపే ఆలోచించుకొనుటకు దొరికిన వ్యవధి వలె కనబడుచున్నది.

ఈ విమానములో చిక్కులేమిటి? ఇంజను మండేది కొన్ని నిమిషములే. పిదప అది గ్లైడరువలె జారుచు దిగవలసినదే. ఇంధనము అయిపోయిన తరువాత రన్‌వే తప్పినచో మరల పైకి లేచి చుట్టి వచ్చే వీలు లేదు. ద్రవ ఆక్సిజన్ సున్నాకు దిగువ 183 డిగ్రీల చలిలో ఉండును. అది కారి నూనెకో, గ్రీజుకో తగిలినచో చిన్న నిప్పురవ్వ చాలును. ఇక పందెపు దారి ఆకాశములో ఉండదు, పైలట్ కన్నుల ముందరి తెరపై బొమ్మగా కనబడును. తెరను చూడవలెనా, ప్రక్క విమానమును చూడవలెనా?

ఇవన్నియు ఇంజనీర్లు ఎరిగినవే. ఒంటరిగా ఎగిరే పైలట్ అనుమానము వచ్చిన క్షణముననే ఇంజను ఆపి దిగిపోవును. పందెములో అట్లు ఆపినవాడు ఓడిపోవును. జాగ్రత్తకు శిక్ష, తెగువకు బహుమానము! అసలు ప్రమాదము ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయము.

నేల మీది వారికిని భయము తప్పదు. 2007లో మొహావీలో స్కేల్డ్ కంపోజిట్స్ వారు నైట్రస్ ఆక్సైడ్ ప్రవాహమును పరీక్షించుచుండగా, ఇంజను వెలిగించకయే, విస్ఫోటము సంభవించి ముగ్గురు మరణించినారు. ఇక్కడి పదార్థము వేరైనను పాఠము ఒక్కటియే. 2011లో రీనో విమాన పందెములలో ఒక పాత యుద్ధవిమానము ప్రేక్షకుల సమీపమున కూలి, పైలట్‌తో కలిపి 11 మంది చనిపోయినారు. తోక భాగములో అరిగిపోయిన నట్లు పట్టు వదలుటయే మూలకారణమని విచారణలో తేలినది. అది రాకెట్టు కూడా కాదు.

"పందెములే లేకున్న విమానము ఇంత ఎదిగెడిదా?" అని మీరడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నయే. 1931లో ష్నైడర్ ట్రోఫీ గెలిచిన విమానమును రూపొందించిన మిచెల్ గారే పిదప స్పిట్‌ఫైర్‌ను రూపొందించినారు. పైలట్ తన ప్రాణమును తాను పణముగా ఒడ్డుచున్నాడు. అది అతని ఇష్టము. టిక్కెట్టు కొని కూర్చున్న తల్లియు, బిడ్డయు ఏమి ఒడ్డినారు?

కనుక ఇకమీదట ఎవరైనను ఇట్టి పందెము పెట్టదలచినచో నాలుగు నియమములు ఉండవలెనని నా మనవి. ఇంధనము నింపే సమయమును పందెపు కాలములో లెక్కింపరాదు. తిరిగి దిగుటకు చాలినంత ఎత్తు మిగుల్చుకొననివాడు ముందు వచ్చినను ఓడినట్లే. పందెపు దారి జనము మీదుగా గాని, జనము వైపునకు గాని పోరాదు. విమానమును పరీక్షించి "వద్దు" అనే అధికారము టిక్కెట్లు అమ్మేవాని చేతిలో ఉండరాదు.

నిదానమే ప్రధానమన్నారు పెద్దలు. వేగమే ప్రాణమైన ఆటలో ఈ మాట వింతగా తోచవచ్చును. కాని ఆ మాట అవసరమైనది అక్కడనే.