ఎం.ఏ. చదవనివ్వండి, సూద్ లేకుండా



మన ఖాందాన్‌లలో ఒక వింత చూస్తున్నాను. కొడుకు అమెరికాలో ఎం.ఎస్. చేస్తానంటే ఇంటి కాగితాలు తీసుకెళ్లి బ్యాంకులో పెడతాం. అప్పుడు సూద్ మాట ఎవరూ ఎత్తరు. కూతురు ఎం.ఏ. హిస్టరీ చదువుతానంటే మాత్రం "సూద్ హరామ్ బేటీ" అంటాం. హరామ్ అయితే ఇద్దరికీ హరామే కదా!

మా భాంజీ ఇప్పుడు ఈ సవాల్ దగ్గరే నిలబడి ఉంది. విదేశంలో ఎం.ఏ. సీటు వచ్చింది, ఇరవై లక్షల లోన్ కావాలి. ఆపా నా రాయ్ అడిగింది. చదువు మంచిదే, ఆ ఖర్జు వద్దన్నాను.

దీన్ సంగతి అలా ఉంచి హిసాబ్ చూడండి. ఇరవై లక్షలకు పది శాతం వడ్డీ, పదేళ్ల గడువు అనుకుంటే నెలకు దాదాపు 26 వేలు కట్టాలి. చదువుకునే కాలంలో పెరిగే వడ్డీ దీనికి అదనం. రేపు నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే నెలకు 37,000 వస్తుంది. ఖర్జు లేని పిల్లకు అది ఇజ్జత్‌గా బతికే రొక్కం. ఖర్జున్న పిల్లకు మిగిలేది 11 వేలు. జేఆర్‌ఎఫ్ రాకపోతే? కిస్తీ మాత్రం ఆగదు.

అలాగని తాలీమ్ మానేయాలా? అవసరం లేదు. హైదరాబాద్‌లోనే సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, ఇఫ్లూ ఉంది, గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ ఉంది. అక్కడ ఎం.ఏ. ఫీజు లక్షల్లో ఉండదు. ఎంట్రన్స్‌కు ఒక ఏడాది మెహనత్ చేయడం పదేళ్ల కిస్తీ కంటే చవక.

మన పిల్లల రీసెర్చ్‌కు 2009 నుంచి ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022లో ప్రభుత్వం ఆపేసింది. ఇది నాఇన్సాఫీ, అడగాల్సిందే. కానీ అడుగుతూ ఊరికే కూర్చోలేం. షాదీఖానాలో ఒక్క రాత్రి దావత్‌కు లక్షలు పోసే బిరాదరీ మనది. హాస్టల్ ఖర్చుకు తడుముకునే పిల్లకు ఖర్జె హసనా ఇవ్వలేమా? మొహల్లాకు ఒక చిన్న ఫండ్ చాలు. ఉద్యోగం వచ్చాక అసలు తిరిగిస్తుంది, సూద్ ఉండదు. ఆ డబ్బు తర్వాతి పిల్లకు పనికొస్తుంది.

మన తారీఖ్‌ను ఎవరెవరో రాస్తున్నారని రోజూ గిలా చేస్తాం. రాస్తానని మన పిల్లే ముందుకొస్తే "దాంతో నౌకరీ వస్తుందా?" అంటాం. రెండూ ఎలా కుదురుతాయి? ఖర్జుకు భయపడండి, అది అఖల్ ఉన్న పని. ఇల్మ్‌కు మాత్రం భయపడకండి.