ఐదు బంగారు పతకాలున్నోడు కూడా చెప్పుకోలేకపోయాడు



ఈసారి ధరల గురించీ పురుగుల గురించీ కాదు, ఒక పుస్తకం గురించి రాస్తున్నాను. ఆస్ట్రేలియా ఈతగాడు ఇయాన్ థోర్ప్ 2012లో రాసుకున్న ఆత్మకథ, పేరు ‘దిస్ ఈజ్ మీ’. ఇంగ్లీషు పుస్తకం. తెలియని మాటలకు మా అమ్మాయిని అర్థాలడుగుతూ, మిరప కోతలయ్యాక రాత్రిళ్లు చదివాను. కాలవలో ఈత నేర్చుకున్నోణ్ణి కాబట్టి ఆయనంటే నాకు ముందునుంచీ అభిమానం.

2000 సిడ్నీ ఒలింపిక్స్ టీవీలో చూసినోళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడాయనకు 17 ఏళ్లు. 400 మీటర్లు 3 నిమిషాల 40.59 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు కొట్టాడు. అదే రాత్రి మళ్లీ నీళ్లలో దిగాడు. నలుగురు ఈదే రిలే పందెంలో, ఒలింపిక్స్‌లో అప్పటిదాకా ఓటమి ఎరగని అమెరికాను చివర్లో దాటేశాడు. 2004 ఏథెన్స్ కూడా కలిపితే మొత్తం 9 పతకాలు, అందులో 5 బంగారం. చిన్నప్పుడేమో ఈతకొలనులో కలిపే క్లోరిన్ ఒంటికి పడక, తల పైకెత్తి ఈదేవాడంట. అట్లాంటి పిల్లోడు 1998లో, 15 ఏళ్లకే ప్రపంచ విజేత అయ్యాడు.

నేను ఇదంతా చదువుదామనే పుస్తకం పట్టుకున్నాను. మనసులో నిలిచింది మాత్రం వేరే. అంత గెలుస్తున్న రోజుల్లోనే ఆయన్ని దిగులు జబ్బు పట్టుకుంది. డాక్టర్లు డిప్రెషన్ అంటారు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పలేదు. ఒంటరిగా తాగేవాడు. చచ్చిపోవాలన్న ఆలోచనలు కూడా వచ్చాయని రాశాడు.

ఈ సంగతి టీ కొట్టు దగ్గర చెబితే ఒకాయన, ‘‘కోట్లున్నోడికి దిగులేందయ్యా?’’ అన్నాడు. నేను చెప్పేది కూడా అదే. ఈ జబ్బు బ్యాంకు పుస్తకం చూసి రాదు. షుగరుకు మాత్ర వేసుకుంటున్నామని పదిమందిలో చెబుతాం. నెల రోజులుగా నిద్ర లేదు, పొలం వంక పోబుద్ధి కావట్లేదు అని చెప్పడానికి మాత్రం సిగ్గుపడతాం.

2021లో నల్ల తామర పురుగు మిరప పూతను నాశనం చేసిన సంగతి మర్చిపోయామా? కౌలు కట్టి, అప్పు తెచ్చి పెట్టిన చేలు కళ్లముందే దున్నేసినోళ్లు ఎంతమంది! ఆ రోజుల్లో సెంటర్లో అందరికంటే గట్టిగా నవ్వి, ఇంటికెళ్లి అన్నం ముట్టనోడెవడో మనకు తెలుసా? అప్పు సంగతి భార్యకు చెప్పం, దిగులు సంగతి ఎవరికీ చెప్పం. పరువంట!

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నా. మందు బిళ్ల మింగితే మిర్చి రేటు పెరగదు, అప్పు తీరదు. రైతు చనిపోయిన ప్రతిసారీ ‘మానసిక సమస్య’ అని చేతులు దులుపుకుంటే నేనొప్పుకోను. ధర కోసం కొట్లాట ఆగకూడదు. కానీ కొట్లాడాలన్నా ముందు మనిషి బతికుండాలి గదా.

ఇంకో సంగతి. ఆ పుస్తకంలో థోర్ప్, తాను స్వలింగ సంపర్కుణ్ణి కాదని రాశాడు. రెండేళ్ల తర్వాత, 2014లో, టీవీలో అవునని ఒప్పుకున్నాడు. దీన్ని ఎగతాళికి వాడుకోవద్దు. జనం ఏమనుకుంటారో అన్న భయం ఎంత పెద్దదో చూడండి. తన కథ తానే రాసుకున్న మనిషికి కూడా లోపలి మాట ఒక్కసారికే బయటికి రాలేదు.

అందుకని ‘‘ఏం బావా, బాగున్నావా?’’ అంటే ‘‘ఆఁ, బాగానే’’ అన్నాడని వదిలెయ్యకండి. ఇంకో రోజు, ఒక్కడే ఉన్నప్పుడు మళ్లీ అడగండి. ‘‘ధైర్యంగా ఉండు’’ అని వీపు తట్టి పోవద్దు. కూర్చుని వినండి. అనుమానముంటే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని డాక్టర్లే చెబుతారు.

పురుగుమందు డబ్బాలు ఇంట్లో చేతికందేచోట పెట్టొద్దు. తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచండి. టెలీ మానస్ అని ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది, నంబరు 14416. డబ్బు ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు మీ ఫోన్లో ఎక్కించుకోండి, మీకోసం కాకపోతే పక్కింటివాళ్ల కోసం.

ఈ మధ్య సెంటరుకు రావడం తగ్గించినోళ్లు మీ ఊళ్లో ఒకరైనా ఉంటారు. ఈ వారంలో ఒక సాయంత్రం వాళ్లింటికి వెళ్లి రండి.